క్లియర్ కోటు తారీఖ్: చమక్ వెనక ఉన్న సబర్



మన గల్లీల్లో, అపార్ట్‌మెంట్ల కింద, మెకానిక్ షెడ్ల ముందు నిలబడి ఉన్న కార్లను ఒకసారి గౌర్‌గా చూడండి. పదింటిలో ఒకటో రెండో కనిపిస్తాయి. బానెట్ మీద, టాప్ మీద తెల్లటి మచ్చలు. మచ్చల అంచున ఉల్లిపొరలా లేచిన సన్నటి పొర. గోరు పెట్టి లాగితే పాము కుబుసంలా ఊడి చేతికొస్తుంది. కింద అసలు రంగు ఉంటుంది, కానీ దానికి రౌనక్ ఉండదు. సున్నం కొట్టిన గోడలా చప్పగా ఉంటుంది.

“రెండేళ్ల కిందటే ఫుల్ పెయింట్ వేయించాను భాయ్” అంటాడు కారు మాలిక్. “ఎండ చూశారా సాబ్, ఎండకు ఏది ఆగుతుంది?” అంటాడు పెయింటర్. ఒకరి మీద ఒకరికి షికాయత్. చివరికి రిష్తేదారీ ఉన్నచోట కూడా మాటలు తెగిపోతాయి.

ఊడిపోయిన ఆ పొర పేరు క్లియర్ కోటు. మన షెడ్లలో ఉత్తగా ‘క్లియర్’ అంటారు, కొందరు ఉస్తాదులు ‘లాకర్’ అంటారు. వెంట్రుక కంటే సన్నటి ఈ పారదర్శక పొర వెనక పెద్ద తారీఖ్ ఉంది. అందులో మన లాడ్ బజార్ ఉంది, జాంజిబార్ సుల్తానుల రాజ్యం ఉంది, నిజాం గారి కారు ఉంది, అమెరికా ఫ్యాక్టరీలున్నాయి. చివరికి మన షెడ్లలో పనిచేసే పిల్లల ఊపిరి కూడా ఉంది. ఆ తారీఖ్‌ని మొదటి నుంచి చూస్తే ఒక హఖీఖత్ తేలుతుంది. మనుషులు చమక్‌ని ఎప్పుడూ వక్త్ ఇచ్చే కొన్నారు. వక్త్ మిగుల్చుకుందామని చూసిన ప్రతిసారీ పొర ఊడింది.

లాఖ్, సందరూస్

‘లాకర్’ అనే లఫ్జ్ ఇంగ్లిష్ వాళ్లది అనుకుంటాం. దాని వేరు మన నేలలోనే ఉంది. సంస్కృతంలో లాక్షా, తెలుగులో లక్క, ఉర్దూలో లాఖ్. అదే పారసీలో లాక్ అయింది, అరబీలో లక్ అయింది. సముద్రం మీద వ్యాపారం చేసిన పోర్చుగీసు వాళ్ల నోట ‘లాక్రె’ అయి, యూరప్ చేరి ‘లాకర్’ అయింది. అంటే ఇవాళ షెడ్డులో ఉస్తాద్ “లాకర్ కొట్టాలి” అన్నప్పుడు, తన నానీ-దాదీ లఫ్జ్‌నే దునియా అంతా తిప్పి మళ్లీ ఇంటికి తెచ్చుకుంటున్నాడు.

లక్క ఒక చిన్న పురుగు ఇచ్చేది. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్షలాదిగా చేరి, తన చుట్టూ బంకలాంటి పదార్థాన్ని కట్టుకుంటుంది. దాన్ని గీకి, కరిగించి, వడగట్టితే లక్క. హైదరాబాద్ లాడ్ బజార్‌లో మన కుటుంబాలు తరతరాలుగా చేస్తున్న లాఖ్ చూడీలు దానితోనే తయారవుతాయి. బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే ఒక్కొక్క నగీనా పొదగాలి. తొందరపడితే రాయి నిలవదు. ఆలస్యం చేస్తే లక్క గట్టిపడుతుంది.

అటు ఆంధ్రాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి కారీగర్లు తరిణె మీద తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీని ఆనిస్తారు. ఆ రాపిడికి పుట్టే వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో నునుపు తెస్తారు. లాడ్ బజార్ అయినా ఏటికొప్పాక అయినా హునర్ ఒక్కటే. కింది వస్తువు సిద్ధంగా ఉండాలి, వేడి సరిగ్గా ఉండాలి, చెయ్యి సరైన వక్త్‌కి ఆగాలి. ఈ మూడు షరతులూ గుర్తుంచుకోండి. వందేళ్ల తర్వాత కారు బానెట్ మీద కూడా ఇవే పనిచేస్తాయి.

లక్క నీళ్లకూ ఎండకూ తట్టుకునేది కాదు. అందుకని బయట తిరిగే గుర్రపు బగ్గీలకు వేరే బంక కావాల్సి వచ్చింది. అది జాంజిబార్ నుంచి వచ్చింది. తూర్పు ఆఫ్రికా తీరంలో, ఎప్పుడో పడిపోయిన చెట్ల బంక నేలలో పూడి గట్టిపడి గడ్డలుగా దొరికేది. అరబీ, పారసీ, ఉర్దూలలో సందరూస్ అని ఒక పాత లఫ్జ్ ఉంది. అక్కడి స్వాహిలీ జబాన్‌లో ఈ బంకను సందరూసీ అన్నారు. యూరప్ వాళ్లు కోపల్ అన్నారు. ఒమన్ సుల్తానుల ఏలుబడిలో ఉన్న జాంజిబార్ రేవు నుంచి ఏనుగు దంతాలు, లవంగాలతో పాటు ఈ సందరూస్ కూడా ఓడలెక్కేది. అమెరికాతో మస్కట్ సుల్తాన్ 1833లో వ్యాపార ఒప్పందం చేసుకున్నాక, మసాచుసెట్స్‌లోని సేలం రేవుకు ఈ బంక పెద్ద ఎత్తున చేరింది. దాన్ని నూనెలో కాచి తీసిన వార్నిష్‌తోనే లండన్, న్యూయార్క్ బగ్గీలు అద్దంలా మెరిశాయి.

అంటే కారు పుట్టకముందే క్లియర్ కోటు ఉంది. కింద రంగు, పైన రంగులేని వార్నిష్. పేరు మాత్రమే తర్వాత వచ్చింది.

బగ్గీల దౌర్, నిజాం గారి కారు

తొలి కార్లు గుర్రం తీసేసిన బగ్గీలే. బాడీ కట్టినవాళ్లూ బగ్గీలు కట్టినవాళ్లే. కాబట్టి రంగు వేసే తరీఖా కూడా అదే. ముందు చెక్కకు అస్తరు, దాని మీద లప్పం, ఆరాక గీకుడు, మళ్లీ అస్తరు, మళ్లీ గీకుడు, ఆ తర్వాత రంగు పూతలు, చివర వార్నిష్ పూతలు. అన్నీ బ్రష్‌తోనే. డజనుకు పైగా పూతలు పడేవి. నూనె రంగు గాలికి మెల్లగా ఎండుతుంది. ఒక్కో పూత ఆరే వరకు దుమ్ము పడకుండా గది మూసి ఉంచాలి. మొత్తం పని పూర్తి కావడానికి వారాలు పట్టేది.

చౌమహల్లా ప్యాలెస్‌కి పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లు అక్కడి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసే ఉంటారు. 1912 నాటి బండి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చారు. 1911లో ఆయన ఇంతఖాల్ అయ్యారు. బండి చేరేసరికి గద్దె మీద ఉన్నది ఉస్మాన్ అలీ ఖాన్. లోపల సింహాసనం లాంటి సీటు ఉంటుంది. అలాంటి బండ్లు తయారైన కాలంలో రంగు పని అంటే ఇదే, బ్రష్, వార్నిష్, వారాల తరబడి సబర్. డబ్బున్న నవాబు కూడా రంగు ఎండే వరకు ఆగాల్సిందే. రంగుకు ఎవరి హోదాతోనూ పనిలేదు.

ఆ వార్నిష్‌కి కూడా ఐబులు ఉన్నాయి. కొన్నాళ్లకు పసుపు తిరిగేది, పగుళ్లు పడేది. ఏడాదికో రెండేళ్లకో గీకేసి మళ్లీ పూయించడం బగ్గీ మాలికులకు మామూలు ఖర్చు. పైపూత శాశ్వతం కాదని ఆ జమానాలో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఎవరి మీదా ఇల్జామ్ వేసుకోలేదు.

తొందర మొదలైన చోటు

1913లో హెన్రీ ఫోర్డ్ తన హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో నడిచే అసెంబ్లీ లైన్ పెట్టాడు. ఛాసిస్ కూర్చడానికి 12 గంటలకు పైగా పట్టే పని దాదాపు గంటన్నరకు తగ్గింది. బండి గంటన్నరలో తయారవుతుంటే, దాని రంగు వారాలు ఎండుతూ కూర్చుంటే ఎలా? ఎండుతున్న బండ్లు పెట్టడానికే గోదాములు కావాల్సి వచ్చాయి. ఫోర్డ్ 1914 నుంచి 1925 వరకు మోడల్ టి బండ్లను నలుపులో మాత్రమే అమ్మాడు. తారు జాతి పదార్థంతో చేసిన ఆ నల్ల ఎనామిల్ చవక, గట్టిది, భట్టీలో కాల్చి ఎండబెట్టడానికి అనువైనది. కానీ నలుపు తప్ప వేరే రంగుకు పనికిరాదు.

రంగులు తిరిగొచ్చింది మందుగుండు దుకాణం నుంచి. దూపాఁ కంపెనీ మొదటి ప్రపంచయుద్ధంలో బారూద్ తయారుచేసి అమ్మింది. జంగ్ అయిపోయాక, పేలుడు పదార్థాల్లో వాడే నైట్రోసెల్యులోజ్‌తో ఏం చేయాలా అని చూసింది. దాన్నే కరిగించి, రంగు కలిపి, డ్యూకో అనే పేరుతో లాకర్ తీసింది. జనరల్ మోటార్స్‌లో చార్లెస్ కెటరింగ్ పట్టుబట్టి దాన్ని కార్ల మీదకు తెచ్చాడు. 1924 మోడల్ ఓక్లాండ్ కారు నీలం రంగు డ్యూకోతో బజారుకొచ్చింది. వారాలు పట్టే పని గంటల్లోకి వచ్చింది.

డ్యూకో అనే పేరు మనకు కొత్తది కాదు. ఇవాళ్టికీ మన బీరువాలకు, దీవాన్‌లకు ‘డ్యూకో పెయింట్’ అంటాం. నిర్మల్ కారీగర్లు పొనికి చెక్క బొమ్మల మీద పాత మూలికా రంగుల స్థానంలో వాడుకలోకి తెచ్చుకున్నదీ డ్యూకో రంగులే.

డ్యూకో ఎంత జల్దీ ఎండేదంటే బ్రష్‌తో పూయడం కుదిరేది కాదు. స్ప్రే గన్ తప్పనిసరి అయింది. దాని వెనక ఒక అజీబ్ కథ ఉంది. 1880ల్లో అమెరికాలోని టోలీడోలో డీవిల్బిస్ అనే డాక్టర్ గొంతు నొప్పి మరీజులకు మందును తుంపరగా చల్లే చిన్న పరికరం తయారుచేశాడు. 1907లో ఆయన కొడుకు అదే ఉసూల్‌తో రంగు చల్లే గన్ చేశాడు. గొంతుకు షిఫా ఇవ్వడానికి పుట్టిన పరికరం అది. దాని సంగతి ముందు మళ్లీ వస్తుంది.

ఈ దౌర్‌లో పైన వార్నిష్ పూత మాయమైంది. రంగే పై పొర. ఎండకు అది మసకబారితే, మైనం పాలిష్ పట్టి రుద్దితే కింది తాజా రంగు బయటపడేది. మన అబ్బాజాన్‌ల అంబాసిడర్ల జమానా గుర్తుందా? తెల్ల అంబాసిడర్‌ను పండగ ముందు పాలిష్ చేస్తే గుడ్డకు తెల్ల రంగు అంటేది. ఆ రంగు అరిగేది, వెలిసేది, కానీ కుబుసంలా ఊడేది కాదు. ఊడటానికి పైన వేరే పొరే లేదు కదా.

మెటాలిక్ నఖరా

రంగులో మెరుపు రవ్వలు కావాలనే షోఖ్ 1930ల నుంచే ఉంది. మొదట్లో చేప పొలుసుల నుంచి తీసిన మెరుపు వాడారు. తర్వాత సన్నటి అల్యూమినియం రేకుల పొడి వచ్చింది. వెండి రంగు, ఆకాశ నీలం, బంగారు ఛాయ... చూడ్డానికి బహుత్ ఖూబ్. కానీ ఆ రేకులు పై పొరలోనే ఉంటే వాన, ఎండ, పొగ నేరుగా వాటిని తాకుతాయి. అల్యూమినియం నల్లబడుతుంది, రంగు చచ్చిపోతుంది. పాలిష్ చేస్తే రేకులు చెదిరి మచ్చలు పడతాయి.

దీనికి ఇలాజ్ బగ్గీల జమానా దగ్గరే దొరికింది. రంగును పలచగా కింద వేసి, దాని మీద రంగులేని రక్షణ పొర వేయడం. 1970లలో యూరప్ కంపెనీలు మెటాలిక్ రంగులకు ఈ తరీఖా పట్టాయి. 1980లలో అమెరికాలోనూ ఇది రివాజ్ అయింది. కింది దాన్ని బేస్ కోటు అన్నారు, పై దాన్ని క్లియర్ కోటు అన్నారు. 1990ల తర్వాత మన రోడ్ల మీద కూడా మెటాలిక్ రంగుల బండ్లు మామూలైపోయాయి.

ఇక్కడ ఒక నాజూక్ సంగతి ఉంది. క్లియర్ పారదర్శకం. అంటే సూర్యుడి వెలుగు దాంట్లోంచి దూరి కింది వరకు పోతుంది. వెలుగులో కంటికి కనిపించని అల్ట్రావయొలెట్ కిరణాలు పొరలోని బంధాలను తెంచుతాయి. అందుకే క్లియర్‌లో రెండు రకాల మందులు కలుపుతారు. ఒకటి గొడుగులా ఆ కిరణాలను తనలోకి తీసుకుంటుంది. రెండోది, తెగిన బంధాల నుంచి పుట్టే విచ్ఛిన్నాన్ని ముందుకు పాకకుండా ఆపుతుంది. గొడుగు కూడా ఏళ్లు గడిచేకొద్దీ అరిగిపోతుంది. పొర ఎంత మందంగా ఉంటే గొడుగు అంత పెద్దది. కారు ఫ్యాక్టరీలో క్లియర్ మందం మామూలుగా 40 నుంచి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక దాని కంటే లావు. చమక్ కోసమని ప్రతి పండక్కీ కాంపౌండ్ పెట్టి మెషీన్‌తో రుద్దించేవాళ్లు ఆలోచించాలి. ప్రతిసారీ గొడుగు గుడ్డనే పలచన చేస్తున్నాం.

పెద్ద కంపెనీలకూ తగిలిన దెబ్బ

పొర ఊడటం గల్లీ షెడ్ల ఐబు అని చాలామంది ఖయాల్. అది ఖతయీ నిజం కాదు. 1980ల చివర, 1990ల మొదట్లో అమెరికా రోడ్ల మీద లక్షల కొత్త కార్లు, ట్రక్కులు ఇలాగే పొరలు పొరలుగా ఊడాయి. వెండి, బూడిద, నీలం రంగుల బండ్లు మరీ ఎక్కువ. దునియాలోనే పెద్ద ఫ్యాక్టరీల్లో, భట్టీల్లో కాల్చిన రంగు అది.

వజహ్ ఏమిటి? ఇనుము మీద తుప్పు పట్టకుండా మొదట కరెంటు తొట్టిలో ముంచి వేసే అస్తరు ఒకటుంటుంది. దాని మీద ప్రైమర్, ఆ మీద బేస్, ఆ మీద క్లియర్. ఖర్చు తగ్గుతుందని కొన్నిచోట్ల మధ్యలోని ప్రైమర్‌ను ఎత్తేశారు. పైనున్న రెండు పొరలూ వెలుగును పూర్తిగా ఆపలేకపోయాయి. కిరణాలు అట్టడుగు అస్తరు వరకు పోయాయి. అస్తరు పైభాగం సుద్దపొడిలా మారింది. దాన్ని పట్టుకుని ఉన్న రంగంతా పట్టు వదిలేసింది. పై పొర బాగానే ఉన్నా కింద నేల జారిపోయింది. కస్టమర్లు అదాలత్‌లకు వెళ్లారు, కంపెనీలు ఎన్నో బండ్లకు మళ్లీ రంగు వేయాల్సి వచ్చింది.

ఇంకో దెబ్బ ఆసమాన్ నుంచి వచ్చింది. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ రేవులో దిగిన కొత్త బండ్ల క్లియర్ మీద నీటి చుక్కల ఆకారంలో గుంటలు పడ్డాయి. ఫ్యాక్టరీ పొగల తేజాబ్ వానతో కలిసి, ఆ మీద ఎండ కాసి, పొరను తినేసింది. ఇవాళ్టికీ కొత్త క్లియర్లను పరీక్షించడానికి కంపెనీలు తమ నమూనాలను జాక్సన్‌విల్‌కు పంపుతాయి. మన దగ్గర చెట్టు కింద నిలిపిన బండి మీద పావురం రెట్ట ఎండకు కాలి వదిలే మచ్చ ఆ జాక్సన్‌విల్ మచ్చకు దగ్గరి రిష్తేదార్.

రెండు డబ్బాల రంగు, ఒక ఊపిరి

ఇప్పుడు మన షెడ్డులోకి వద్దాం. ఫ్యాక్టరీలో బండికి ఇంకా సీట్లు, వైర్లు, టైర్లు ఉండవు. కాబట్టి ఉత్త బాడీని 140 డిగ్రీల దాకా కాల్చవచ్చు. తయారైన బండిని అంత వేడిలో పెడితే ప్లాస్టిక్ కరుగుతుంది. కాబట్టి మరమ్మతు రంగుకు తక్కువ వేడిలోనే గట్టిపడే పదార్థం కావాలి. దాని పునాది 1937లో పడింది. జర్మనీలో ఒట్టో బేయర్ పాలీయురెథేన్ కనుగొన్నాడు. మన షెడ్లలో ‘పి.యు.’ అనేది అదే. ఒక డబ్బాలో క్లియర్, ఇంకో డబ్బాలో హార్డ్‌నర్. రెండూ కలిపితే రసాయన చర్య మొదలై పొర గట్టిపడుతుంది. బూత్ ఉంటే 60 డిగ్రీల వేడిలో అరగంట చాలు. లేకపోతే మామూలు గాలిలోనే, కాకపోతే మెల్లగా.

ఆ హార్డ్‌నర్‌లో ఉండేది ఐసోసయనేట్. ఈ పేరు వినగానే 1984 డిసెంబర్ భోపాల్ గుర్తొస్తుంది. అక్కడ లీకైంది మిథైల్ ఐసోసయనేట్ అనే గ్యాస్. హార్డ్‌నర్‌లోది అదే ఖాందాన్‌కు చెందిన వేరే పదార్థం. అది గ్యాస్‌లా తనంతట ఎగరదు. కానీ స్ప్రే గన్ దాన్ని తుంపర చేసి గాలిలో నింపుతుంది. ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా వస్తుంది. ఒకసారి శరీరం దానికి రియాక్ట్ కావడం మొదలైతే, తర్వాత రవ్వంత తగిలినా దమ్ము పట్టేస్తుంది. అలాంటివాడు ఆ పనే వదిలేయాలి. బ్రిటన్‌లో పని వల్ల వచ్చే ఆస్తమాకు ముఖ్య కారణాల్లో ఇదొకటని అక్కడి సర్కారు సంస్థలే చెబుతాయి. పైగా దీనికి హెచ్చరించే వాసన లేదు. ముక్కుకు తగిలే ఘాటు థిన్నర్‌ది. “వాసన రావట్లేదు, ఫరవాలేదు” అనుకోవడం ధోకా.

గొంతుకు మందు చల్లడానికి పుట్టిన గన్, ఇవాళ గొంతుకు ఏం చల్లుతోందో చూడండి.

తెలంగాణ, ఆంధ్రా ఊళ్లలో డెంటింగ్, పెయింటింగ్ షెడ్లలో మన వాళ్లెందరో ఉన్నారు. ఉస్తాద్-షాగిర్ద్ రివాజ్ ఇంకా బతికి ఉన్న పనుల్లో ఇదొకటి. స్కూలు మధ్యలో ఆపేసిన పిల్లవాడు ముందు బకెట్ నీళ్లు, వాటర్ పేపర్ పట్టుకుని రుద్దుడు నేర్చుకుంటాడు. తర్వాత లప్పం, తర్వాత ప్రైమర్, చివరికి గన్. చేతిముద్ర పడని నునుపు అతని వేళ్లకు తెలుస్తుంది. ఏ కాలేజీ సర్టిఫికెట్ లేకపోయినా రంగుల కలయిక కంటితో చెప్పేస్తాడు. కానీ ముఖానికి కట్టుకునేది ఒక దస్తీ. ఆ గుడ్డ దుమ్మును కొంత ఆపుతుందేమో, ఐసోసయనేట్‌ను ఆపదు. ధనిక దేశాల్లో ఈ పనికి బయటి నుంచి గొట్టం ద్వారా తాజా గాలి ఇచ్చే మాస్కు, మూసిన బూత్ తప్పనిసరి అంటారు. మన దగ్గర రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఆ గాలి గల్లీ అంతా తిరుగుతుంది. పక్క ఇంట్లో పసిపిల్లలు కూడా అదే పీలుస్తారు.

మళ్లీ వేసిన రంగు ఎందుకు ఊడుతుంది?

ఇంత తారీఖ్ చూశాక జవాబు కష్టం కాదు. లాడ్ బజార్‌లో చూసిన ఆ మూడు షరతుల్లో ఏదో ఒకటి తప్పి ఉంటుంది.

మొదటిది, కింది నేల సిద్ధంగా లేకపోవడం. పాత క్లియర్‌ను సరిగా రుద్దకుండా, మైనం, నూనె జిడ్డు తుడవకుండా పైన కొడితే పొరకు పట్టు దొరకదు. చచ్చిపోయిన క్లియర్ మీద కొత్త క్లియర్ కొట్టడం మరీ అన్యాయం. కింది పొర ఊడుతూ పై పొరను కూడా తీసుకుపోతుంది.

రెండోది, కొలత తప్పడం. హార్డ్‌నర్ ఖరీదు ఎక్కువ. కొంచెం తగ్గించి, థిన్నర్ ఎక్కువ పోస్తే పొర అదే రోజు బాగానే మెరుస్తుంది. లోపల మాత్రం బలహీనంగా, పలచగా ఉండిపోతుంది. మూత తీసి ఉంచిన హార్డ్‌నర్ గాలిలోని తేమను పీల్చుకుని చెడిపోతుంది. వానాకాలంలో ఇది ఇంకా ఎక్కువ.

మూడోది, వక్త్. బేస్ కోటులో థిన్నర్ ఎగిరిపోకముందే క్లియర్ కొడితే అది లోపల చిక్కుకుని బుడగలు, పొక్కులు. మరీ ఆలస్యం చేసి మర్నాడో ఆ మర్నాడో కొడితే బేస్ గట్టిపడిపోయి పట్టుకోదు. అప్పుడు మళ్లీ రుద్ది, బేస్ వేసి, ఆ తర్వాతే క్లియర్ కొట్టాలి. ఎంత వక్త్ ఇవ్వాలో డబ్బా మీద, కంపెనీ కాగితంలో రాసి ఉంటుంది.

ఇప్పుడు కస్టమర్ వైపు చూద్దాం. “ఎల్లుండి షాదీ ఉంది, రేపటికి కావాలి” అనేది మనమే. “ఆ షెడ్డులో ఇంకా సస్తా చెప్పారు” అని బేరమాడేదీ మనమే. ఆ బేరంలో తగ్గిన డబ్బు ఎక్కడి నుంచి తగ్గుతుంది? హార్డ్‌నర్ నుంచి, రుద్దే గంటల నుంచి, షాగిర్ద్ మాస్కు నుంచి. అమెరికా కంపెనీ ప్రైమర్ ఎత్తేసి మిగుల్చుకున్నదీ, మనం ఒక రోజు మిగుల్చుకున్నదీ లెక్కకు ఒకటే.

ఊడిన పొరకు ఏం చేయాలి?

మీ బండి మసకబారితే ముందు అది ఏ మరజో తెలుసుకోండి. చేత్తో తడిమితే పొర ఎక్కడా లేవకుండా, అంతా ఒకేలా మసకగా ఉంటే క్లియర్ ఇంకా బతికే ఉంది. కడిగి, తేలికగా పాలిష్ చేసి, మైనం పడితే కొంత రౌనక్ తిరిగొస్తుంది. అంచులు లేచి తెల్లటి తీవుల్లా కనిపిస్తే, లేదా గోరుకు ఊడొస్తే అది చచ్చిన క్లియర్. దానికి ఏ పాలిష్, ఏ కోటింగ్, ఏ నూనె ఇలాజ్ కాదు. నూనె రాస్తే ఒక వారం మెరుస్తుంది, తర్వాత పెయింటర్‌కు దాన్ని కడగడమే పెద్ద పని అవుతుంది.

అప్పుడు చేయాల్సింది ఒక్కటే. పట్టు తప్పిన పొరనంతా గట్టి పొర దొరికే వరకు రుద్ది తీసేయాలి. అంచులను మెట్టు తెలియకుండా చదును చేయాలి. అవసరమైన చోట ప్రైమర్, తర్వాత బేస్, తర్వాత సరిపడా క్లియర్. మచ్చ ఉన్నంత మేర మాత్రమే క్లియర్ కొట్టి అంచు కలిపేయమని అడగకండి. ఆ కలిపిన అంచు పలచగా ఉంటుంది, ముందు అక్కడే మళ్లీ లేస్తుంది. బానెట్ అయితే బానెట్ మొత్తం, డోర్ అయితే డోర్ మొత్తం చేయించండి. డబ్బు సరిపోకపోతే ఈ ఏడు బానెట్, వచ్చే ఏడు టాప్ అని విడదీసి చేయించుకోండి. నాసిరకంగా మొత్తం బండి చేయించడం కంటే అది బెహతర్.

బండి ఇచ్చే ముందు ఉస్తాద్‌ను అదబ్‌గా మూడు సవాళ్లు అడగండి. పాత పొర ఎక్కడి వరకు తీస్తారు? ఏ క్లియర్, దాని జోడీ హార్డ్‌నర్ ఏది? ఎన్ని రోజులు కావాలి? మంచి ఉస్తాద్ ఈ సవాళ్లకు నారాజ్ కాడు, ఖుష్ అవుతాడు. అతను నాలుగు రోజులు అంటే అయిదు రోజులు ఇవ్వండి. రేటు చెప్పాక, గన్ పట్టే అబ్బాయికి సరైన మాస్కు ఉందా అని కూడా అడగండి. లేదంటే దానికయ్యే రఖమ్ మీ బిల్లులో కలపమనండి. మన మస్జిద్ కమిటీలు, వెల్ఫేర్ సొసైటీలు కుట్టు మిషన్లు పంచుతాయి, తోపుడు బండ్లు ఇస్తాయి. చాలా మంచి పని. ఆ లిస్టులో పెయింటర్ల మాస్కులు, షెడ్డుకు గాలి లాగే ఫ్యాన్లు కూడా చేర్చాలని నా గుజారిష్.

దక్కనీలో పెద్దలు అంటారు కదా, జల్దీ కా కామ్ షైతాన్ కా అని. జాంజిబార్ సందరూస్ నుంచి పి.యు. క్లియర్ దాకా రసాయనాలు మారాయి, గన్‌లు మారాయి, ఫ్యాక్టరీలు మారాయి. ఎండే వక్త్ ఎండాల్సిందే, రుద్దే చెయ్యి రుద్దాల్సిందే. బానెట్ మీద చమక్‌కి ఖీమత్ ఎవరో ఒకరు కట్టాల్సిందే. దాన్ని మన జేబులోంచి, మన క్యాలెండర్‌లోంచి కడదాం. పదహారేళ్ల షాగిర్ద్ ఊపిరిలోంచి కట్టించొద్దు.